తొలి రీడింగునకు సాక్షి ఎవరు?

భూపాలపల్లికి చేరువనున్న చెల్పూరునందు తొలి దశలో 500, మలి దశలో 600, వెరసి 1,100 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయగల కాకతీయ తాపవిద్యుత్కేంద్రము నెలకొనియున్నను, ఆ కేంద్రపు పొగగొట్టములు కనుచూపుమేరలో నిలుచు గ్రామములందలి గృహస్థునకు తన ఇంటికి వచ్చు విద్యుత్తును ఏ సంస్థవద్ద కొనవలెనో నిర్ణయించుకొను అధికారము లేదు. జనగామ వర్తకునకును, మహబూబాబాదు ఉపాధ్యాయునకును ఆ అధికారము లేదు. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ మండలి 1999 ఫిబ్రవరి 1న ఉత్పాదక, ప్రసార సంస్థలుగా విడివడి, ఆ మరుసటి సంవత్సరము పంపిణీ బాధ్యత నాలుగు సంస్థలకు పంచబడినప్పుడు, వరంగల్లు కేంద్రముగా ఉత్తర మండల పంపిణీ సంస్థ ఉద్భవించినది. జనులు ఎన్పీడీసీఎల్ అని వ్యవహరించు ఆ సంస్థకు రాష్ట్ర విభజనానంతరము ఒకమారు, 2024లో మరియొకమారు పేరు మారినది. వినియోగదారుని గోడమీది మీటరు మాత్రము ఏ మార్పును ఎరుగదు. హైదరాబాదు రహదారిలో పెంబర్తి దాటి ఆలేరు వైపునకు పోయినవాడు దక్షిణ మండల సంస్థ ఏలుబడిలోనికి ప్రవేశించును. ఆ ఎల్లకు ఇరువైపుల నున్నవారికి ధరలు ఒక్కటే. సంస్థను ఎంచుకొను స్వేచ్ఛ లేకుండుటయు ఒక్కటే.

ఈ స్వేచ్ఛను గృహస్థునకు ఒసంగవలెనని దేశమున చాలకాలముగా వాదము నడచుచున్నది. 2003 విద్యుత్ చట్టము ఒకే ప్రాంతమున ఇరువురు పంపిణీదారులు ఉండుటకు అవకాశము కల్పించినను, ఎవరి తీగలు వారు వేసికొనవలెనని నియమించినందున, ఆ అవకాశము కాగితమును దాటి గడపకు చేరలేదు. ఒకరి తీగలమీదనే పెక్కుమంది అమ్ముకొనవచ్చునను సవరణ బిల్లు 2022 ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చి, స్థాయీ సంఘమునకు పోయి, ఆ సభతోనే కాలము చేసినది. అదే భావము 2025 అక్టోబరులో మరల ముసాయిదా రూపమున వెలువడినది. ముంబయి ఉపనగరములలో మాత్రము, 2008లో సర్వోన్నత న్యాయస్థానము టాటా సంస్థకు చిల్లర వినియోగదారులకు సైతము సరఫరా చేయు హక్కు కలదని తీర్పు చెప్పిన పిమ్మట, 2009లో అచటి నియంత్రణ మండలి ఆదేశముతో, లక్షల గృహములకు ఒక సంస్థను విడిచి వేరొకదానిని చేరు వీలు కలిగినది. బ్రిటనులో 1999 నాటికే గృహస్థులందరికి ఈ వీలు లభించినది.

ఈ పోటీ వలన ధర తగ్గునా, పేదలమీద భారము పెరుగునా అను చర్చను ఆర్థికవేత్తలకు విడిచిపెట్టుచున్నాను. నా దృష్టి అంతకంటె చిన్నదిగా తోచు ఒక అంకెమీద నిలిచినది. బ్రిటనులో గృహస్థుడు సంస్థను మార్చిన దినమున మీటరుమీద కనబడిన రీడింగే పాత సంస్థ పద్దునకు ముగింపు, క్రొత్త సంస్థ పద్దునకు ప్రారంభము. ఆ రెండును ఒకే అంకె కావలెను. పాతవారు ఎక్కువ అంకెను, క్రొత్తవారు తక్కువ అంకెను వ్రాసికొనినచో, నడుమనున్న యూనిట్లకు గృహస్థుడు రెండుమార్లు చెల్లించును. 2021లో ఇంధన ధరలు పెచ్చుపెరిగి ఇరువదికి పైగా సరఫరా సంస్థలు అచట మూతపడినప్పుడు, నియంత్రణాధికారులు ప్రజలకు ఇచ్చిన మొదటి సలహాలలో, వెంటనే మీటరు చూచి అంకె వ్రాసి పెట్టుకొనుడన్నది ఒకటి. పొలమునకు హద్దురాయి ఎట్టిదో, విద్యుత్ పద్దునకు ప్రారంభ రీడింగు అట్టిది: అది పాతినప్పుడు ఇరుపక్షములవారు నిలిచి చూడనిచో, తరువాత ఎంత వాదించినను ప్రయోజనముండదు. కావున సరఫరాదారుని ఎంచుకొను హక్కు రాకమునుపే, రీడింగును తన కన్నులయెదుట నమోదు చేయించుకొను హక్కు మన గృహస్థునకు స్థిరపడవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన రెండవది లేని మొదటిది అతనిని ఒక సంస్థ చేతినుండి రెండు సంస్థల నడుమకు త్రోయును.

వంటగ్యాసు విషయమున సరఫరాదారుని మార్పు 2014నుండి దేశమున పెక్కు జిల్లాలలో అమలులో నున్నది. ఒక కంపెనీ సిలిండరును, రెగ్యులేటరును తిరిగి అప్పగించి, డిపాజిట్టు వాపసు గైకొని, వేరొక కంపెనీకి డిపాజిట్టు కట్టి చేరవచ్చును. ఆ మార్పు తగవులు లేక సాగుటకు కారణము స్పష్టము. సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఇంటికి రాకముందే తూచబడి, సీలు వేయబడి యుండును. కొలత ముగిసిన తరువాతనే అమ్మకము జరుగును. విద్యుత్తునందు అమ్మకమును కొలతయు ఏకకాలమున, అవిచ్ఛిన్నముగా సాగును. ఎక్కడ గీత గీయవలెనో మనుష్యుడే నిర్ణయింపవలెను. గ్యాసు అనుభవమును చూపి విద్యుత్తునందును ఇంతే సులభమని వాదించువారు ఈ భేదమును గమనింపవలసియున్నది.

సరఫరాదారుడు మారని మన జిల్లాలలో మారుచున్నవారు మనుష్యులు. భూపాలపల్లికి సింగరేణి గనులలో పనికి వచ్చువారు, మహబూబాబాదు, డోర్నకల్ రైల్వే ఉద్యోగులు, 2022, 2023 సంవత్సరములలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములందు వెలసిన వైద్యకళాశాలల విద్యార్థులు, బదిలీమీద తిరుగు ఉపాధ్యాయులు, వీరందరు అద్దె ఇండ్లలో చేరుచు విడుచుచు నుందురు. చేరిన దినమున మీటరు చూచి వ్రాసికొనువారు అరుదు. వ్రాసికొనినను ఆ కాగితము అద్దెదారునకును ఇంటి యజమానికిని నడుమనే మిగులును, సంస్థ పద్దులోనికి పోదు. నెల నడుమ ఇల్లు ఖాళీచేసిన కుటుంబము 90 యూనిట్లు, తరువాత చేరిన కుటుంబము 115 యూనిట్లు వాడినవనుకొందము. నెలాఖరున రీడరు తీసిన లెక్క 205. గృహజ్యోతి పథకము క్రింద 2024 మార్చినుండి 200 యూనిట్లలోపు వాడు తెల్లకార్డు కుటుంబములకు సున్నా బిల్లు వచ్చుచున్నదిగదా. ఇచట ఏ ఒక్క కుటుంబమును ఆ హద్దు దాటకున్నను, మీటరు దాటినది. 1,058 రూపాయల 50 పైసల విద్యుత్ ఛార్జి, దానిపై స్థిర ఛార్జి, సుంకము, అన్నియు క్రొత్తగా వచ్చినవాని తలమీద పడును. పైగా వెళ్లిపోయినవాని కార్డు ఆ సర్వీసు సంఖ్యకే జతపడి యున్నచో, దానిని తొలగింపించి తన కార్డును చేర్చుకొనువరకు క్రొత్తవానికి సున్నా బిల్లు ఆశయు లేదు.

ఈ శ్లాబుల తర్కమును పాఠకులు ఒక్కసారి నిదానముగా పరికింపవలెనని ప్రార్థించుచున్నాను, ఏలయన ఒక్క అంకె తేడాకు ఇంత విలువ ఎచటనుండి వచ్చినదో అప్పుడుగాని బోధపడదు. 2022-23 ధరల ఆదేశము ప్రకారము నెలకు 100 యూనిట్ల లోపు వాడినవానికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తక్కిన 50 యూనిట్లు 3.10 చొప్పున లెక్క. నూరు దాటినవాడు వేరు వర్గములోనికి పోవును. అతనికి మొదటి నూరు యూనిట్లే 3.40, తరువాతి నూరు 4.80. రెండువందలు దాటినవానికి ఆ రెండువందలును 5.10 చొప్పున, ఆపైన 300 వరకు 7.70 చొప్పున. కావున సరిగా 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జి 820 రూపాయలు కాగా, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు అగును. ఆ ఒక్క యూనిట్ వెల 207 రూపాయల 70 పైసలు. నూరవ యూనిట్ దాటి నూటఒకటవదానిలో అడుగిడినను 92 రూపాయల 30 పైసలు పెరుగును. ఇట్టి మెట్లమీద నిలిచిన పద్దులో రీడింగు రెండు మూడు దినములు ఆలస్యమగుట, లేక అంకెను తప్పుగా చదువుట, స్వల్ప విషయములని ఎట్లు తీసివేయగలము? రెండు రీడింగుల నడిమి దినములు పెరిగినప్పుడు శ్లాబు హద్దులును ఆ దామాషాలోనే పెరుగవలెననుట న్యాయము. బిల్లు చేతికి రాగానే మొత్తముకంటె ముందు రెండు రీడింగులను, రెండు తేదీలను చూచు అభ్యాసము ప్రతి గృహమునందును అలవడవలెను.

ఒకే సర్వీసుమీద రెండు వాటాలు నడుపు ఇండ్ల సంగతి ఇంకను కష్టము. ఒక్కొక్క వాటావారు 110 యూనిట్ల చొప్పున వాడినచో, వేరువేరు మీటర్లమీద ఒక్కొక్కరికి 388, ఇరువురికి 776 రూపాయలు అగును. ఒకే మీటరుమీద 220 యూనిట్లు కలియుటచే అది 1,174 రూపాయలగును. ఇంటి యజమాని గోడకు బిగించిన సబ్‌మీటరు ఈ భారమును పంచగలదే గాని తగ్గింపలేదు. ఆ సబ్‌మీటరు అంకెకు సంస్థయెదుట విలువయు లేదు. వాటాకొక సర్వీసు తీసికొనుటకు యజమానికి కొంత వ్యయమగును, నిజమే; కాని ఆ వ్యయమును తప్పించుకొనినందున నెలనెల నష్టపోవువాడు అద్దెదారుడు.

బకాయిల చిక్కు మరియొకటి. కె.సి. నినన్ వ్యాజ్యమున 2023 మే 19న సర్వోన్నత న్యాయస్థానము, నిబంధనలు అనుమతించునప్పుడు, పూర్వ యజమాని పడిన విద్యుత్ బకాయిలను అదే ఆవరణకు కనెక్షను కోరు క్రొత్త యజమాని చెల్లింపవలెనని షరతు పెట్టుట చెల్లునని తీర్మానించినది. అనగా ఇల్లు కొనువాడు రిజిస్ట్రేషను కాగితములతోపాటు మీటరు చరిత్రను గూడ కొనుచున్నాడు. దీనికి విరుగుడు 2020 డిసెంబరు 31న కేంద్రము ప్రకటించిన వినియోగదారుల హక్కుల నియమములలో కలదు: ఇల్లు ఖాళీ చేయునప్పుడు, లేక చేతులు మారునప్పుడు, వినియోగదారుడు కోరినచో సంస్థ ప్రత్యేకముగా రీడింగు తీయించి తుది బిల్లు ఇయ్యవలెను, ఆ బిల్లు వెలువడిన తరువాత దానికి పూర్వకాలపు బకాయిలని చెప్పి మరేమియు అడుగరాదు. మీటరు అందుబాటులో లేక వరుసగా రెండుమార్లు రీడింగు తప్పినచో, వినియోగదారుడే అంకె కనబడునట్లు ఫోటో తీసి పంపుటకును ఆ నియమములు వీలు కల్పించినవి. ఇంత చక్కని నియమములు ఉండియు, వానిని ప్రయోగించుకొనువారు మన పట్టణములలో పెద్దగా కానరారు. ప్రత్యేక రీడింగు అడుగవచ్చునని ఎరుగనివాడు దానిని అడుగడు. అట్లు అడుగవచ్చునను ఒక్క వాక్యమును తెలుగున ప్రతి బిల్లు వెనుక ముద్రించుటకు సంస్థకు వ్యయమేమియు లేదు.

మీటరు మార్చు వేళ గూడ ఇదే జాగరూకత అవసరము. పాత చక్రపు మీటరును తీసి ఎలక్ట్రానిక్ మీటరు బిగించునప్పుడు పాతదాని తుది అంకెను, క్రొత్తదాని తొలి అంకెను గృహస్థుని ఎదుట కాగితముమీద వ్రాసి సంతకములు చేయింపవలెను. క్రొత్త మీటరు సున్నావద్దనే ఆరంభమగునను నమ్మకము సరికాదు. పరీక్షలో నడచిన కొన్ని యూనిట్లు దానిమీద ముందే ఉండవచ్చును. పాతది తీసికొనిపోయిన పిమ్మట దాని చివరి అంకెకు సంస్థ పద్దు తప్ప వేరు సాక్ష్యము మిగులదు. ఫోటో తీయుట నేడు అందరికి సాధ్యమైన పని. అందుకు లైన్‌మన్ అడ్డుచెప్పవలసిన హేతువేమియు లేదు.

రీడింగు తప్పినచో ఏమగునో 2020లో రాష్ట్రమంతయు చూచినది. మహమ్మారి కాలమున రీడర్లు ఇండ్లకు రాలేదు. గత సంవత్సరము అవే నెలల బిల్లు మొత్తమును చెల్లింపుమని సంస్థలు కోరినవి. జూనులో మీటరు చూచి మూడు నెలల వాడకమును ఒక్కసారిగా లెక్కించి పంచినవి. వేసవి వాడకము, ఇంటిపట్టున నున్న కుటుంబము, శ్లాబుల మెట్లు, ఈ మూడును కలిసి వచ్చిన బిల్లులకు జనులు బెదరిరి. సంస్థల లెక్క సరియే యైనను, నడిమి నెలల అంకెలు ఎవరివద్దను లేనందున, దానిని సరిచూచుకొను మార్గము వినియోగదారునకు లేకపోయినది. నా మనస్సున నిలిచిన లోపము ఇదియే.

ఇప్పుడు ఈ ప్రశ్న వేరొక రూపమున ముందుకు వచ్చినది. వ్యవసాయము, ఎత్తిపోతలు మొదలైన కనెక్షన్లకై మూడవ పంపిణీ సంస్థను నెలకొల్పుటకు రాష్ట్ర మంత్రిమండలి 2025 నవంబరులో అంగీకరించినది. జనగామ మెట్టభూములలో బోరుబావి నమ్ముకొనిన రైతునకు ఇది నిజముగా సరఫరాదారుని మార్పే, అతడు కోరుకొనినది కాకపోయినను. 2018 జనవరి 1నుండి ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు పొందిన పంపుసెట్టునకు మీటరు లేదు. అందుచేత దానికి ముగింపు అంకెయు లేదు, ప్రారంభ అంకెయు లేదు. రైతు చెల్లించునది లేకున్నను, అంచనా వాడకముమీదనే ప్రభుత్వ సబ్సిడీ లెక్క నడచుచున్నందున, పాత సంస్థ ఎక్కువ వాడకము చూపి నష్టములను కప్పుకొనినదా, క్రొత్త సంస్థ మోయు భారమెంత, అను విషయములు ఊహలమీద నిలుచును. బదిలీ జరుగు దినమున, పంపుసెట్లకు విద్యుత్తు నిచ్చు ట్రాన్స్‌ఫార్మర్లలో మీటరున్న ప్రతిదాని రీడింగును ఇరు సంస్థల ఉద్యోగులును కలిసి తీసి, ఆ పట్టికను గ్రామపంచాయతీ కార్యాలయమున అతికింపవలెను. మీటరు లేనిదానికి బదిలీకి ముందే అమర్పవలెను. నియంత్రణ మండలి ధరల విషయమై బహిరంగ విచారణ జరుపునప్పుడు, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రైతు సంఘములును వినియోగదారుల సంఘములును ఈ పట్టికనే మొదట కోరవలెను. దానితోపాటు అద్దె ఇంటి ప్రత్యేక రీడింగునకు గడువును, రుసుమును, గడువు తప్పినచో పరిహారమును ఆదేశమున స్పష్టముగా వ్రాయుమని అడుగవలెను.