ఆటపాటలలో ప్రోగ్రాము విద్య

వేసవి సెలవులు సమీపించినంతనే మన పట్టణములలో గోడలమీదను, కరపత్రములలోను ఒక క్రొత్తతీరు ప్రకటనలు కానవచ్చుచున్నవి. ఆరేండ్ల పసివానికి కోడింగు నేర్పెదమనియు, నేడు నేర్పనిచో రేపు వాడు లోకమున వెనుకబడుననియు వాని సారము. తల్లిదండ్రులు భయపడుచున్నారు, భయపడినవారు రుసుము చెల్లించుచున్నారు. 2020లో ఇట్టి వ్యాపారము నడపిన యొక సంస్థ ప్రకటనలపై ఆక్షేపణలు రాగా, ప్రకటనల ప్రమాణములను విచారించు మండలి వానిలో కొన్నింటిని తప్పుపట్టెను. సంస్థవారు వానిని ఉపసంహరించుకొనిరి. ప్రకటనలు పోయినవి గాని భయము పోలేదు.

బిడ్డలకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట నేర్పరాదని మేము చెప్పుట లేదు. నేర్పవలెననియే మా యభిప్రాయము. 2020 జూలైలో కేంద్రప్రభుత్వము ఆమోదించిన జాతీయ విద్యావిధానమును ఆరవతరగతి మొదలుకొని ఈ విద్యకు చోటు కల్పించినది. ఎవరి బిడ్డలకు, ఏ భాషలో, ఏ పద్ధతిని నేర్పవలెననునదే ఇప్పటి ప్రశ్న. భయపెట్టి, రుసుము వసూలుచేసి, ఇంగ్లీషులో నేర్పినచో ఇది పట్టణములందలి కొలది కుటుంబముల సొత్తుగా మిగులును. ఆటగా, తెలుగులో, ఊరిబడిలో నేర్పుటకు వీలున్నదని చూపుటయే మా యుద్దేశము.

ముందుగా ప్రోగ్రామనగా నేమో తెలిసికొందము. కాలువకు నీరు వచ్చినది. ఆసామి పాలేరును పిలచి, "ముందు ఎగువమడి తూము తీయుము, మడి నిండువరకు నుండి మూయుము, తరువాత దిగువమడికి పొమ్ము, అన్ని మళ్లకును ఇట్లే చేయుము, నడుమ వాన కురిసినచో పని నిలిపివేయుము" అని చెప్పెను. ఇందులో వరుస యున్నది, షరతు ఉన్నది, ఒకే పనిని మరల మరల చేయుటయు నున్నది. ప్రోగ్రాములోని ముఖ్యాంశము లివియే. అయితే పాలేరునకు బుద్ధి కలదు. చెప్పుట మరచిన మాటను అతడు తానే ఊహించుకొనును. కంప్యూటరునకు ఆ ఊహ లేదు. చెప్పినదే చేయును, చెప్పనిది చేయదు. కాబట్టి ప్రోగ్రాము వ్రాయుట నేర్చినవాడు తన తలపును తానే చక్కబరచుకొనుట నేర్చును. ఉద్యోగము వచ్చుట తరువాతి మాట.

దీనిని బాలలకు ఆటగా నందింపవచ్చునని లోకమునకు చూపినవారిలో సేమూర్ పాపర్ట్ అగ్రగణ్యుడు. 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో జన్మించిన ఈ గణితవేత్త, బాలల మనోవికాసమును పరిశోధించిన పియాజె పండితునియొద్ద జినీవాలో కొన్నియేండ్లు పనిచేసి, పిదప అమెరికాకు పోయెను. 1967లో ఆయనయు, సింథియా సాలొమన్ మొదలగు సహచరులును కలసి పిల్లలకొరకు 'లోగో' అను భాషను నిర్మించిరి. కంప్యూటరు వెల సంపన్న విద్యాలయములకే భారమైన ఆ దినములలో దానిని పిల్లలచేతి కీయదలచుటయే సాహసము. కొలదికాలమునకు లోగోలో ఒక తాబేలు చేరెను. మొదట అది నేలమీద ప్రాకుచు కలముతో గీతలు గీయు చిన్నయంత్రము. తరువాత తెరమీది బొమ్మ. "ముందుకు నూరు, కుడికి తొంబది" అను రెండాజ్ఞలను నాలుగుమారులు చెప్పినచో చతురస్రము గీయును. తొంబదికి బదులు నూటయిరువది చేసి మూడుమారులు చెప్పినచో త్రిభుజము. నూటనలువదినాలుగు చేసి అయిదుమారులు చెప్పినచో అయిదుకొనల నక్షత్రము! ఎందువలన నక్షత్రమయ్యెనని పిల్లవాడు అడుగకమానడు. క్షేత్రగణితము అంతవరకు వానికి గుండెదిగులు. ఆ క్షణమునుండి వాని విలాసము.

తాబేలును నడుపుటకు ముందు పిల్లవాడు తానే తాబేలై నడచి చూడవలెనని పాపర్ట్ చెప్పెను. అంతకంటె మాకు నచ్చినది తప్పుల విషయమున ఆయన వైఖరి. మన బడులలో తప్పనగా ఎఱ్ఱసిరా, తలవంపు. తాబేలు ప్రక్కదారి పట్టినపుడు మాత్రము పిల్లవానిని ఎవ్వరును మందలింపరు. ఏ ఆజ్ఞయొద్ద దారితప్పెనో వాడే వెదకి దిద్దుకొనును. తన తప్పును తాను సిగ్గుపడక పరిశీలించు అలవాటు పెద్దలలోనే అరుదు. మా బోటి పత్రికలవారికిని అది యలవడిన మంచిదే.

ఇక మన ముంగిళ్లవైపు చూడుడు. సంక్రాంతినెలలో ప్రతి వాకిటను చుక్కలముగ్గులు వెలయుచున్నవి. ఇన్ని చుక్కలు, ఇన్ని వరుసలు, ప్రతి చుక్కను చుట్టి రావలెను, గీత బయలుదేరినచోటికే మరల చేరవలెను - ఇవి నియమములు. ఇట్టి ముగ్గులనే తమిళులు కోలములందురు. మద్రాసు చేరువనున్న తాంబరములో మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యుడు గిఫ్ట్ సిరోమనియు, ఆయన సహచరులును ఈ కోలములను భాషకు వ్యాకరణమువలె సూత్రబద్ధము చేయవచ్చునని చూపి, 1974లో కంప్యూటరు శాస్త్రపత్రికలో వ్యాసము ప్రకటించిరి. పండితులు పరిశోధించిన ఈ విద్య మన యాడుబిడ్డల వ్రేళ్లకొనల నున్నది. ఒక బాలిక గోడవైపు తిరిగి నిలిచి ముగ్గును నోటితో చెప్పుచుండగా, రెండవది ఆ మాటలనుబట్టి మాత్రమే నేలపై గీయవలెనని ఆట పెట్టుడు. ముగ్గు చెదరినచో తప్పు చెప్పినదానిదా, గీచినదానిదా యని తగవు పుట్టును. ఆ తగవులోనే ప్రోగ్రాము విద్య యున్నది.

మరియొకటి. కంప్యూటరు లోపల సర్వమును రెండు గుర్తులతో నడచుచున్నది. ఈ సంగతిని యంత్రము లేకయే బోధించుటకు న్యూజీలండు ఆచార్యుడు టిమ్ బెల్ మొదలగువారు చక్కని ఆటలు కూర్చిరి. అయిదుగురు పిల్లలు వరుసగా నిలచి పదునారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి చుక్కలుగల అట్టలు పట్టుకొందురు. అట్ట చూపవలెను, లేదా త్రిప్పివేయవలెను. ఇంతమాత్రముననే సున్న మొదలు ముప్పదియొకటివరకు ప్రతి సంఖ్యను చూపవచ్చును. మన తెలుగుపండితులు తరగతిలో చెప్పెడి గురులఘువులును రెండు గుర్తులే కదా! మూడక్షరముల గణములు ఎనిమిదే యేల, తొమ్మిది యేల కారాదని ఏ పండితుడైన పిల్లలనడిగినచో ఛందస్సును, గణితమును ఒక్క గంటలో కలియును. 'యమాతారాజభానసలగం' అని మనము వల్లెవేసిన పది యక్షరములలో ఎనిమిది గణములును ఒక్కొక్కటి ఒక్కొక్కమారే వచ్చుచున్నవి. పిల్లవానిచేత ఇంకొక వరుస కట్టించి చూడుడు. ఎంత చిక్కో తెలియును. ఇంతమాత్రమున మన పూర్వులకు కంప్యూటరు తెలియునని మురిసిపోవుట మా మతము కాదు. అట్టి గొప్పలు విని విని చెవులు గింగురుమనుచున్నవి. పూర్వుల సొమ్ము పిల్లలకు మెట్టుగా నుపయోగపడిన చాలును.

యంత్రములు లేవను మాట సత్యమే. 2023-24 విద్యాశాఖ లెక్కలనుబట్టి పనిచేయు కంప్యూటర్లుగల పాఠశాలలు దేశమున నూటికి 57 మాత్రమే. అయితే యంత్రములున్నంతనే పని జరుగదనుటకును చరిత్ర కలదు. 1984లోనే కేంద్రప్రభుత్వము బడులలో కంప్యూటరు పరిచయపథకమును ఆరంభించి, ఇంగ్లండునుండి వచ్చిన బీబీసీ మైక్రో యంత్రములను పంచెను. నలువదియేండ్లు గడచినను మనమింకను మొదటి మెట్టుననే యున్నాము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవతరగతి పిల్లలకు ట్యాబులిచ్చెను. పాఠములు చూచుటకవి యుపకరించును గాని, చూచుట వేరు, తాను చేయుట వేరు. ఆ ఇంగ్లండులోనే 2016లో పదునొకండు, పన్నెండేండ్ల పిల్లలకు సుమారు పదిలక్షల 'మైక్రోబిట్' పలకలను ఉచితముగా పంచిరి. అది అగ్గిపెట్టెకంటె పెద్దది కాదు. దానితో పిల్లలు దీపములు వెలిగింతురు, తమ బొమ్మలను తామే నడపుదురు. మన పొరుగున కేరళలో 2018 నుండి ఉన్నతపాఠశాలలలో 'లిటిల్ కైట్స్' అను బాలసంఘములు నడచుచున్నవి. బడి యంత్రములలో ఉచిత సాఫ్ట్‌వేరునే వాడుచున్నారు. కేరళీయులు చేసినది మనము చేయలేమా?

భాష యడ్డమను మాటయు సగమే నిజము. 2007లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు లోకమున కర్పించిన 'స్క్రాచ్'లో ఆజ్ఞలను వ్రాయనక్కరలేదు. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించినచో చాలును. పెద్దపిల్లలకు తగిన పైథాన్ భాషలో పాపర్ట్ తాబేలు నేటికిని ఉచితముగా లభించుచున్నది. రాశులకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును. ఆజ్ఞాపదములు ఇంగ్లీషువైనను అవి కొలది మాత్రమే. పదము పరభాషది కావచ్చును, వివరణ తెలుగున నుండవలెను. ఆ వివరణ వ్రాయగల తెలుగువారు హైదరాబాదు మొదలు అమెరికావరకు వేలకొలది కలరు. ఊరిబడికి గోడగడియారము బహూకరించుటకంటె ఇరువది పుటల చిన్నపుస్తకము వ్రాసి యిచ్చుట వారికి భారము కాబోదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, నోటిమాటగా అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి గదా, ఇక ఈ శ్రమ యెందులకని కొందరు విజ్ఞులు ప్రశ్నించుచున్నారు. లెక్కలన్నియు కరణము చూచుకొనునని చదువు మానిన ఆసాములు వెనుక మన గ్రామములలో నుండిరి. కరణము వ్రాసినదానిపై వ్రేలిముద్ర వేసి, ఏ సర్వేనంబరు పోయినదో ఎరుగక కోర్టులచుట్టు తిరిగినవారి కథలు మన తాతలు చెప్పినవే. వ్రాసియిచ్చువా డున్నపుడు చదివి తప్పుపట్టగలవాని యవసరము పెరుగునే గాని తరుగదు.

చదువరులలో ఊరిపెద్దలు, పాఠశాల యాజమాన్య కమిటీలవారు చాలమంది కలరు. వారికొక మనవి. కొన్ని బడులలో కంప్యూటర్లుండియు గది తెరువరు. పిల్లలు ముట్టినచో చెడునని భయము, చెడినచో సంజాయిషీ ఎవరిచ్చుకొనవలెనని ఉపాధ్యాయుని దిగులు. ఒక యంత్రమునకు అయిదుగురు పిల్లలను కూర్చుండబెట్టి, ఒకడు మీట నొక్కగా నలుగురు ఆలోచన చెప్పునట్లు వంతులు పెట్టినను పని సాగును. చెడిన యంత్రమును బాగుచేయించు వ్యయము గ్రామము భరించునని ప్రధానోపాధ్యాయునకు వ్రాతమూలముగ హామీ యీయుడు. ఈ సెలవులలోనే బడికి పోయి, ఆ గది తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో విచారింపుడు.