పన్ను తగ్గిస్తే కానుక ఎలా అవుతుంది?

మొన్న అక్టోబరులో నాన్నగారి ఆరోగ్య బీమా రెన్యువల్ కోసం ఏజెంటు ఫోన్ చేశాడు. "సార్, ఈసారి మీకు గవర్నమెంటు కానుక ఉంది" అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు కదా, అదీ సంగతి. పాత రసీదు వెతికి తీశాను. ప్రీమియం 32,000. జీఎస్టీ 18 శాతం చొప్పున 5,760. మొత్తం 37,760. రేపు ఆసుపత్రి పాలైతే పిల్లలకు భారం కాకూడదని ఒక ముసలాయన కట్టుకునే డబ్బు మీద వేసిన పన్ను అది. 2017 జులై నుంచి ఎనిమిదేళ్లు కట్టాం. ఇప్పుడు మా దగ్గర తీసుకోవడం మానేశారు. ఇందులో ఇచ్చిందేముంది?

ఏజెంటును తప్పుపట్టను. ఆ మాట పైనుంచి వచ్చింది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జీఎస్టీ మార్పులను దీపావళి కానుకగానే చెప్పారు. బడ్జెట్ మర్నాడు మన పత్రికలదీ అదే భాష: వరాలు, తాయిలాలు, ఊరట. మేనమామ పెట్టే చీర కానుక. ఎందుకంటే అది ఆయన సొంత డబ్బు. ఖజానాలో ఉన్నది పాలకుల సొంతం కాదు.

పెట్రోలు సంగతే చూడండి. 2020 మార్చి, మే నెలల్లో కేంద్రం లీటరు పెట్రోలు మీద ఎక్సైజ్ సుంకాన్ని 13 రూపాయలు, డీజిలు మీద 16 రూపాయలు పెంచింది. మే నెల పెంపు లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో ఉండగా జరిగింది. 2021 దీపావళి ముందురోజు పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 తగ్గించగానే కానుక అన్నారు. మిగిలిన 8, 6 రూపాయలు 2022 మేలో తగ్గాయి. అంటే మొదట ఉన్న చోటికే వచ్చాం. నడుమ ఆటోవాళ్లు, ట్రాక్టరు రైతులు కట్టింది మాత్రం తిరిగి రాలేదు.

చెప్పకుండా పెరిగే పన్ను ఇంకొకటి ఉంది. పాత ఆదాయపు పన్ను విధానంలో రెండున్నర లక్షల పరిమితి 2014 నుంచి కదల్లేదు. ధరలతోపాటు జీతం నాలుగు రాళ్లు పెరిగితే, కొనగలిగేది ఏమీ పెరగకపోయినా పన్ను పెరుగుతుంది. దానికి ఏ పత్రికా శీర్షిక పెట్టదు.

మాటలో ఏముంది, తగ్గింది చాలు కదా అంటారు కొందరు. ఉంది. కానుక పుచ్చుకున్నవాడు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. ఇన్నేళ్లు ఎందుకు తీసుకున్నారని అడగడు. పన్నే వద్దని నేననను. బడికీ, రోడ్డుకీ, పెద్దాసుపత్రికీ డబ్బు కావాలి. చట్టం ద్వారా తప్ప పన్ను వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణంలో రాసుకున్నది, వేసేవాడు కట్టేవాడికి జవాబు చెప్పాలనే. 1921లో చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి రామనగరంలో పాకలు వేసుకున్నారు. వాళ్లు దయ అడగలేదు, ఆ పన్నులు మాకెందుకని నిలదీశారు.

పత్రికల్లో పనిచేసే మిత్రులకు ఒక్క మనవి. ఈసారి బడ్జెట్‌కు "వరం" అని శీర్షిక పెట్టకండి. "పన్ను తగ్గింది" అని రాయండి. ఆ పన్ను ఎప్పుడు వేశారో, అప్పటినుంచి ఎంత వసూలు చేశారో ఆ పక్కనే వేయండి.