పట్టాల పక్కన నడిచేవారి వాటా

మహారాష్ట్రలోని మాథేరాన్ కొండ మీద టాయ్ ట్రైన్ టికెట్ దొరకనివారిలో చాలామంది పట్టాల వెంట నడక మొదలుపెడతారు. బయటి మోటారు వాహనాలన్నీ దస్తూరీ నాకా దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి బజారు దాకా ఉన్న దాదాపు 3 కిలోమీటర్లకు మట్టి రోడ్డు లేకపోలేదు. అయితే దాని మీద గుర్రాలు, రిక్షాలు తిరుగుతుంటాయి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. పట్టాల వెంట ఏటవాలు తక్కువ, దారి తప్పే భయం లేదు. అందుకే సామాన్లు మోసే కూలీలు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లిదండ్రులు, వారాంతంలో ముంబై నుంచి వచ్చే కుర్రకారు, అందరికీ అదే బాట. చట్టం దృష్టిలో మాత్రం వీరంతా నేరస్తులే. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా అడుగుపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ.

ఒక ఊరు ఊరంతా, వచ్చేపోయే అతిథులతో సహా, రోజూ ఒక చట్టాన్ని ఉల్లంఘిస్తోందంటే తప్పు జనానిదేనా అని ఒకసారి ఆలోచించాలి.

నేరల్ నుంచి మాథేరాన్‌కు వెళ్లే ఈ రెండడుగుల గేజి మార్గాన్ని ముంబై వ్యాపారి సర్ ఆదంజీ పీర్‌భాయ్ పెట్టుబడితో ఆయన కుమారుడు అబ్దుల్ హుస్సేన్ 1904లో మొదలుపెట్టి 1907లో పూర్తి చేశారు. సుమారు 20 కిలోమీటర్ల ఈ దారికి కొండ ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. 2005 జూలై కుండపోతకు పట్టాలు కొట్టుకుపోతే 2007లో గానీ రైలు తిరగలేదు. 2016 మేలో బోగీలు పట్టాలు తప్పడంతో మళ్లీ ఆపేశారు. 2018లో తిరిగి నడిచినా, 2019 వర్షాలు మరోసారి దెబ్బతీశాయి. కొండ కింది నుంచి పై దాకా రైలు మళ్లీ నడిచింది 2022 అక్టోబరులోనే. ఇన్నిసార్లు పునరుద్ధరించడం మెచ్చుకోదగ్గ పట్టుదలే. కానీ ప్రతిసారీ లెక్కలన్నీ పట్టాలు, స్లీపర్లు, రక్షణ గోడల చుట్టూనే తిరిగాయి. పట్టాల వెంట నడిచేవారికి పక్కన ఒక బాట అవసరమన్న ఆలోచనకు ఆ లెక్కల్లో చోటు దక్కలేదు.

నడిచేవారి ప్రస్తావన మాథేరాన్‌లో అసలు రాదని కాదు. 2003లో కేంద్రం ఈ ప్రాంతాన్ని పర్యావరణపరంగా సున్నిత ప్రాంతంగా ప్రకటించినప్పటి నుంచీ ఏ వాహనాన్ని అనుమతించాలన్న దానిపై వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. మనిషిని మనిషి లాగే రిక్షాలకు ఆరు నెలల్లో స్వస్తి పలకాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది ఎప్పుడో జరగాల్సిన పని. రోడ్డు మీద పేవర్ బ్లాకులు పరిస్తే గుర్రాలు జారుతాయన్న వివాదం కూడా కోర్టు గడప ఎక్కింది. చర్చంతా దేని మీద ఎక్కి వెళ్లాలన్న దాని గురించే. సొంత కాళ్ల మీద వెళ్లేవారి దారి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇతర దేశాల్లో దీనికి జవాబు వెతికినవారున్నారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య పాత రైలు మార్గంలో ప్రయాణికుల సర్వీసులు 1966లో ఆగిపోయాయి. 1972 నుంచి బిట్టన్ స్టేషన్ దగ్గర కొందరు ఔత్సాహికులు ఆవిరి రైలును బతికించే పనిలో పడ్డారు. అదే మార్గంలో 1979-86 మధ్య సైకిల్ ఉద్యమకారులు సుమారు 21 కిలోమీటర్ల బాట వేశారు. ఒకే నేల మీద ఇద్దరు హక్కుదారులు తేలారన్నమాట. ఒకప్పుడు రెండు ట్రాకులున్న మార్గం కావడంతో పంపకం సాధ్యమైంది. బిట్టన్ దగ్గర సుమారు 5 కిలోమీటర్ల మేర ఒక పక్క రైలు, మరో పక్క సైకిళ్లు, పాదచారులు. ఆవిరి రైలు ఎక్కువగా వారాంతాల్లోనే తిరుగుతుంది. సైకిళ్లు రోజూ తిరుగుతాయి. స్టేషన్‌లోని టీ దుకాణానికి రైలు లేని రోజున కూడా బేరాలు తెచ్చేది ఆ బాటే.

అమెరికాలోని మేరీల్యాండ్‌లో కంబర్‌లాండ్, ఫ్రాస్ట్‌బర్గ్ ఊళ్ల మధ్య కూడా ఇదే ఏర్పాటు. అక్కడ కొండ ఎక్కే వారసత్వ రైలు పక్కనే, పిట్స్‌బర్గ్ దాకా సాగే 240 కిలోమీటర్ల కాలిబాట ఉంది. రెండు ట్రాకులకు సరిపడేలా తవ్విన బ్రష్ సొరంగంలోంచి రైలూ సైకిలూ రెండూ వెళ్తాయి. సైకిల్‌ను రైలెక్కించుకుని కొండ పైకి చేరి, తిరుగుదారిలో వాలు మీద తొక్కకుండానే జారుకుంటూ వచ్చేవారు అక్కడ మామూలే. రైలుకు ఆ బాట పోటీ కాలేదు. పైగా ప్రయాణికులను తెచ్చిపెట్టింది.

మన అధికారుల అభ్యంతరం తెలిసిందే. భద్రత. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మలుపు తిరగగానే ఇంజన్ ఎదురైతే పక్కకు తప్పుకునే జాగా లేని చోట్లు కొండ దారుల్లో బోలెడు. నేరల్ నుంచి పైకి వచ్చే ఘాట్‌లో ఒక పక్క రాతి గోడ, మరో పక్క లోయ ఉన్న చోట బాట వేయమనడం అవివేకం. కానీ పైనున్న అమన్ లాడ్జ్ నుంచి మాథేరాన్ స్టేషన్ దాకా పరిస్థితి వేరు. జనం నడుస్తున్నదీ అక్కడే. గంటకు 100 కిలోమీటర్లు దాటి పరుగెత్తే మెయిన్ లైన్ల కోసం రాసిన నిబంధనను 20 కిలోమీటర్ల లోపు వేగంతో మెల్లగా సాగే బొమ్మ రైలుకూ అలాగే వర్తింపజేస్తూ, అది అమలు కావడం లేదని తెలిసీ ఊరుకోవడం భద్రత అనిపించుకోదు. రేపు ప్రమాదం జరిగితే నింద ఎవరి మీద పడాలో ముందే రాసి పెట్టుకోవడం మాత్రమే అవుతుంది.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఆ 3 కిలోమీటర్లలో జాగా ఉన్నంత మేర పట్టాలకు ఎడంగా మట్టి బాట, వాన నీరు పోయేందుకు కాలువ, మలుపుల దగ్గర నడుము ఎత్తు కంచె, దాటాల్సిన చోట స్పష్టమైన గుర్తులు. చెట్టు కొట్టక్కర్లేదు, కాంక్రీటు పోయక్కర్లేదు. జాగా చాలని చోట బాటను రోడ్డులో కలిపేయవచ్చు. అసలు చిక్కు రైల్వే, అటవీ శాఖ, మున్సిపాలిటీ ఒక బల్ల దగ్గర కూర్చోవడంలో ఉంది. 2011 లెక్కల ప్రకారం మాథేరాన్ జనాభా నాలుగున్నర వేల లోపే. ఇంత చిన్న ఊరి మాట మూడు కార్యాలయాల్లో వినిపించాలంటే ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి.

డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరి రైలుకు 2005లో, కాల్కా-సిమ్లాకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కాపాడాల్సింది ఇంజన్లు, వంతెనలే కాదు, ఆ రైలుతో కలిసి బతికే పరిసరాలు కూడా అని ఆ గౌరవానికి అర్థం. కర్సియాంగ్ బజారులో దుకాణాల గుమ్మాలను రాసుకుంటూ రైలు పోతుంటే ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటాం. ఆ గుమ్మాల ముందు నడిచేవారు కూడా ఆ వారసత్వంలో భాగమే కదా.

ఈ ప్రశ్న తెలుగు నేలకూ కొత్త కాదు. రాజమండ్రిలో 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. సుమారు 3 కిలోమీటర్ల ఆ వంతెనను నడకదారిగా మార్చాలన్న కోరిక దశాబ్దాల నాటిది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో దాని పునరుద్ధరణను కూడా చేర్చారు. అక్కడ రైలుతో పేచీ లేదు కాబట్టి పని ఇంకా సులువు. కాకపోతే ఒక మెలిక ఉంది. అలాంటి చోట్ల పర్యాటక హంగులకు ముందు స్థలం కేటాయించి, మిగిలితే నడిచేవారికి ఇవ్వడం మన అలవాటు. వంతెన మీద తెల్లవారుజామున నడిచే పెన్షనరుకూ, అవతలి ఒడ్డుకు సైకిల్ మీద పనికి పోయే కూలీకీ టికెట్ లేని దారి ఒకటి మొదటి నక్షాలోనే గీయాలి. కట్టడం పూర్తయ్యాక దారి అడిగితే దొరికేది హామీ మాత్రమే.