చేతి పనికి బుర్ర అక్కర్లేదా?



మన హాస్టల్ మెస్‌లో కడిగిన స్టీలు గ్లాసులు బోర్లించి పెడతారు. రేపు మంచినీళ్ళు పట్టుకునేటప్పుడు మీ చేతిని ఒకసారి గమనించండి. మణికట్టు తిప్పి, బొటనవేలు కిందికి వచ్చేలా గ్లాసును పట్టుకుంటాం. అలా పట్టుకోవడం ఇబ్బందే. కానీ గ్లాసు తిప్పాక చెయ్యి సుఖంగా ఉంటుంది. అంటే తర్వాత చెయ్యబోయే పనికి మెదడు ముందే లెక్క వేసుకుందన్నమాట. డేవిడ్ రోసెన్‌బామ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో కర్రను పట్టుకునే ప్రయోగాలతో ఇదే చూపించాడు.

వస్తువును తాకకముందే, దారిలోనే వేళ్ళు దాని సైజును బట్టి తెరుచుకుంటాయని ఫ్రాన్స్‌లో మార్క్ జన్నెరో 1980లలో గమనించాడు. వస్తువు జారిపోకుండా ఎంత పట్టు కావాలో దానికన్నా కొంచెమే ఎక్కువ వాడతామని స్వీడన్‌లో యోహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లో కొలిచి చెప్పారు. పట్టుగుడ్డలాంటి నున్నటిదైతే గట్టిగా, గరుకు కాగితమైతే తేలిగ్గా పట్టుకుంటాం. జారబోతే సెకనులో పదో వంతు లోపే పట్టు బిగుస్తుంది. వేళ్ళకు మత్తు ఇస్తే ఈ లెక్క తప్పుతుంది.

పీజీలో ఇవి చదువుతుంటే మాకు మా అమ్మలు గుర్తొచ్చారు. ఎండిన కాయ మొనలు గుచ్చుకోకుండా, ఆకు ముక్క అంటకుండా, రెండు చేతులతో గబగబా పత్తి తీసే అమ్మలు. "చదవకపోతే కూలికి పోతారు, దానికి బుర్ర అక్కర్లేదు" అన్న మాట చిన్నప్పటి నుంచి విన్నాం. నమ్మాం కూడా. ఇంటర్ అప్లికేషన్‌లో తల్లిదండ్రుల వృత్తి దగ్గర 'కూలి' అని రాయడానికి సిగ్గుపడి 'వ్యవసాయం' అని రాశాం. సెంటు భూమి లేదు మాకు! ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నాం గానీ, ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

చదువు మానమని మేము అనడం లేదు. కూలి పని సుఖమనీ అనడం లేదు. ఆ నడుం నొప్పి మాకు తెలుసు. మేము చెప్పేది ఒక్కటే: మనవాళ్ళకు కూలి తక్కువ దొరుకుతున్నది తెలివి తక్కువై కాదు. చేతి పనికి బుద్ధి లేదన్న మాటతో ఆ తక్కువ కూలిని సమర్థించుకుంటున్నారు. చదువుకున్న మనమే ఆ మాట తిరిగి అంటే ఎలా?

ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పక్కన ఒక్క సాలు పత్తి తీసి చూడండి. ఎవరి చేతికి ఎంత తెలుసో అక్కడే తేలుతుంది. ఆ తర్వాత ఏ అప్లికేషన్‌లోనైనా 'కూలి' అని తల ఎత్తుకుని రాయండి.