నిప్పుకోడి పక్షాన

గచ్చిబౌలిలోని మా కార్యాలయపు క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గర సాధారణంగా క్రికెట్టు, ఇళ్ల స్థలాలు, వీసాలు తప్ప మరో ప్రసంగం ఉండదు. మొన్నొకనాడు మాత్రం, ఎలా మళ్లిందో తెలియదు, మాట డాంకీ కాంగ్ కంట్రీ మీదికి మళ్లింది. మా జట్టులోని ఒక యువకుడు ఆ ఆటలోని జంతువులకు మార్కులు వేశాడు. ఖడ్గమృగానికి పదికి పది. కత్తిచేపకు తొమ్మిది. కప్పకు ఆరు. నిప్పుకోడికి రెండు. ఆ రెండూ కూడా పరుగెత్తినందుకట! బల్ల చుట్టూ ఉన్నవారంతా తలలూపారు. అన్నం చల్లారిపోతుందని అప్పటికి ఊరుకున్నాను గానీ, అది ఊరుకోదగిన మాట కాదు.

ఆడనివారి కోసం రెండు ముక్కలు. 1994లో ఇంగ్లండుకు చెందిన రేర్ అనే సంస్థ నింటెండో కోసం తయారుచేసిన ఆట ఇది. సూపర్ నింటెండో పెట్టెను మన ఊళ్లో కళ్లతో చూసినవారు తక్కువే. నాబోటివాళ్లం కంప్యూటర్లో ఎమ్యులేటరు పెట్టుకొని ఆడినవాళ్లం. మొసళ్లు దోచుకుపోయిన అరటిపళ్ల కోసం రెండు కోతులు అడవులూ గనులూ మంచుకొండలూ దాటుకుంటూ, గెంతుతూ పోవడమే కథ. దారిలో అక్కడక్కడ కొన్ని జంతువులు దొరుకుతాయి. కోతులు వాటిమీదికెక్కి స్వారీ చేస్తాయి. ఖడ్గమృగం ఎదురొచ్చినదాన్నల్లా కొమ్ముతో కుమ్ముతుంది, గోడలు పగలగొట్టి రహస్యపు గదులు చూపిస్తుంది. కత్తిచేప నీటిలో శత్రువులను పొడుస్తుంది. అది లేకపోతే నీళ్లలో కోతులు తప్పుకు తిరగవలసిందే. కప్ప ఎత్తుకు ఎగురుతుంది, ఒంటినిండా ముళ్లున్న కందిరీగల నెత్తిన దూకి చంపగలుగుతుంది. కోతులు ఆ పని చేయబోతే వాటికే దెబ్బ. ఇక నిప్పుకోడి. వేగంగా పరుగెత్తుతుంది, రెక్కలు కొట్టుకుంటూ గాలిలో తేలి అగాధాలు దాటిస్తుంది. నెత్తిన దూకి శత్రువును చంపడం మాత్రం దానికి చేతకాదు.

ఆ చేతకానితనానికే రెండు మార్కులు. చంపడమే సామర్థ్యమని ముందే నిర్ణయించుకొని, ఆ తరువాత ఎవరు ఎక్కువ చంపుతారని అడిగితే సమాధానం ఖడ్గమృగమే అవుతుంది. అందులో పరిశీలన ఏముంది? ఈ ఆటలో ప్రాణం పోయేది శత్రువు తగిలి మాత్రమే కాదు, గోతిలో పడి కూడా పోతుంది. నా మటుకు నాకు గోతుల లెక్కే ఎక్కువ. గోతి దగ్గర కొమ్ము ఎవరికి కావాలి?

మా యువకుడి దగ్గర ఒక గట్టి వాదన లేకపోలేదు. "తయారుచేసినవాళ్లే నిప్పుకోడిని తీసేశారు కదన్నా!" అన్నాడు. నిజమే. 1995లో వచ్చిన రెండో ఆటలో నిప్పుకోడీ లేదు, కప్పా లేదు. ఖడ్గమృగమూ కత్తిచేపా నిలిచాయి. అయితే తీసేసినవారు ఆ రెండింటి పనిని ఖడ్గమృగానికి అప్పగించలేదే! ఎత్తుకు ఎగిరే పనికి గిలకపామును తెచ్చారు, గాలిలో సాగే పనికి చిలుకను పెట్టారు. ఆ చిలుక చరిత్ర మరీ చిత్రం. మొదటి ఆటలో దానిమీద స్వారీ కూడా లేదు; ఒక చీకటి గుహలో దీపం పట్టుకొని వెంట రావడం, అంతే. మా భోజనపు బల్ల దగ్గర దానికి సున్నా వేసేవారు. మరుసటి ఏడాది అదే చిలుక కోతులను కాళ్లతో పట్టుకొని ముళ్లతీగల మధ్యనుంచి ఎగిరింది. దాచిపెట్టిన లోకంలో ఒక లెవెల్ ఉంది, ఐదు జంతువులను వరుసగా ఆడవలసినది: ఖడ్గమృగం, కత్తిచేప, సాలీడు, చిలుక, గిలకపాము. అందులో ఆటగాణ్ణి ఏడిపించేది గాలి అటూ ఇటూ తోస్తుండగా ముళ్ల మధ్య చిలుకను నడిపే భాగమే. అక్కడ పదికి పది వచ్చిన జంతువును కోరుకొని ప్రయోజనం లేదు.

గెంతుల పోటీ మనకు కొత్తది కాదు. కిష్కింధకాండలో వానరులు సముద్రపు ఒడ్డున కూర్చొని ఒక్కొక్కరే తమ లెక్క చెప్పుకుంటారు. గజుడు పది యోజనాలు, గవాక్షుడు ఇరవై, అలా పెరుగుతూ జాంబవంతుడు తొంభై. అంగదుడు నూరు దూకగలడు గాని తిరిగిరావడం మీద అనుమానం. ఇంతసేపూ హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. మన కార్యాలయాల్లో ఏడాదికోసారి నింపే స్వీయ మూల్యాంకన పత్రం ఆయన ఖాళీగా వదిలేసినట్టే లెక్క! మరొక సంగతి. ఆ పట్టికలో నలుడి పేరు లేదు. చివరకు సేన మొత్తాన్ని దాటించిన వారధి కట్టినవాడు నలుడే. రెండో ఆటలోని సాలీడు నాకు నలుణ్ణే గుర్తు చేస్తుంది. గోతి మీద దారాలు చిమ్మి, మెట్టు మీద మెట్టు తానే వేసుకుంటూ పోతుంది. యోజనాల గడిలో దానికి ఏమని రాస్తారు?

ఇంత ఆవేశం ఒక ఆట మీదనేనా అని మీరు అడగవచ్చు. కాదు.

కొన్నేళ్ల కిందట, మాదాపూర్‌లో మరో సంస్థలో ఉన్నప్పుడు, నా జట్టులోని ఆరుగురిని వరుసలో నిలబెట్టి పంపమన్నారు. బెల్ కర్వ్ అని పేరు. ఎవరో ఒకరు చివర ఉండి తీరాలి. గడులలో ముఖ్యమైనది సరిదిద్దిన లోపాల సంఖ్య. మా టెస్టరు ఒక్క లోపమూ సరిదిద్దలేదు. సరిదిద్దడం ఆమె పని కాదు, పట్టుకోవడం ఆమె పని. అర్ధరాత్రి విడుదలను రెండుసార్లు ఆపించింది. రెండుసార్లూ ఆమె మాటే నిజమైంది. ఆపిన ప్రమాదానికి గడి లేదు. ఆమె పేరు చివర రాసింది నేనే. వేరెవరి మీదకూ నెట్టను. ఆ ఏడాదే ఆమె వెళ్లిపోయింది. వెళ్తూ నాతో మర్యాదగానే మాట్లాడింది.

ఇలాంటి వరుసలు వేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో మానుకుంది. మరికొన్ని సంస్థలూ ఆ తరువాత మానుకున్నాయి. మానుకున్నామని చెప్పి పేరు మార్చుకున్న చోట్లు కూడా ఈ దారిలో ఉన్నాయి. అందుకు నేనే సాక్షిని.

అన్నీ సమానమే అనడం లేదు నేను. నిప్పుకోడి మీద కూర్చొని ఇరుకు సొరంగంలో మొసళ్ల ఎదుట నిలబడ్డవాడికి దాని లోటు బాగా తెలుస్తుంది. పోల్చండి, తప్పులేదు. ఏ లెవెల్లో, ఏ గోతి దగ్గర అని చెప్పి పోల్చండి. అది చెప్పకుండా వేసిన మార్కు జంతువును గురించి చెప్పదు, వేసినవాడి అలవాటును చెబుతుంది.

"అయితే మీరెన్ని వేస్తారన్నా నిప్పుకోడికి?" అని యువకుడు నిన్న మళ్లీ అడిగాడు. వేయనన్నాను. నవ్వాడు. శుక్రవారం లోపల నేను పంపవలసిన పట్టికలో అతని పేరు కూడా ఉంది.