చదరపు అడుగు ధర చెబుతారు, నెల ఖర్చు చెప్పరు

హైదరాబాదులో ఫ్లాట్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లకు సగం లెక్కే చెబుతున్నారు. మిగతా సగం దాస్తున్నారు. దీన్ని నేను మోసమనే అంటాను. తెల్లాపూర్ వెళ్లండి, నార్సింగి వెళ్లండి, బాచుపల్లి వెళ్లండి. ఏసీ వేసిన మోడల్ ఫ్లాటులో కూర్చోబెట్టి, ఈస్ట్ ఫేసింగుకు ఎంత ఎక్కువో, పై అంతస్తుకు ఎంత ఎక్కువో రూపాయలతో సహా చెబుతారు. ఆ ఇంట్లో దిగాక నెలనెలా ఎంతవుతుందని అడిగి చూడండి. "అది తర్వాత అసోసియేషన్ డిసైడ్ చేస్తుంది సార్" అంటారు. అప్పటికి అసోసియేషనే పుట్టి ఉండదు.

లెక్క వేద్దాం. 1,650 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు, అడుగు 7,000 అనుకుందాం. కోటీ 15 లక్షల 50 వేలు. కడుతుండగా కొంటే 5 శాతం జీఎస్టీ, తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం. ఈ రెండింటికే 14 లక్షల 40 వేల పైమాట. వుడ్‌వర్క్, ఫ్యాన్లు, గీజర్లు, గ్రిల్స్ వేరే. ఇవి పెద్ద మొత్తాలే గాని, ఒకసారి కట్టేస్తే అయిపోతాయి. నా కోపమంతా ఎప్పటికీ అయిపోనివాటి మీద.

మెయింటెనెన్స్ సంగతి చూడండి. 1,650 అడుగుల్లో మీరు నిజంగా చాప పరుచుకోగల చోటు పన్నెండు వందల చిల్లర ఉంటే గొప్ప. మిగతాది గోడలు, కారిడార్లు, మెట్లు, లిఫ్టు, లాబీ. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలని 2016 నాటి రెరా చట్టం అంటుంది. అయినా మెయింటెనెన్స్ మాత్రం చాలాచోట్ల ఆ మొత్తం 1,650 మీదే వేస్తారు. అడుగుకు నాలుగున్నర రూపాయలైతే నెలకు 7,425. ఇంకో ఐదు పైసలు పెంచారా, 7,507 అవుతుంది. అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటి, ఇంటికి నెల చందా 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. దాటిన మేరకే పన్ను వేయాలని మద్రాసు హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. మొత్తం చందా మీద వేయాలని కేంద్రం 2019లో ఇచ్చిన వివరణ అంటోంది. ఆ వివరణ ప్రకారం పోతే, ఐదు పైసల పెంపుకు మీ బిల్లు 1,400 రూపాయలకు పైగా ఎగబాకుతుంది. అడుగుకు ఐదు రూపాయలైతే పన్నుతో కలిపి నెలకు 9,735. పైసా పెరగకపోయినా ఇరవై ఏళ్లకు 23 లక్షలు. పెరగకుండా ఉంటుందని ఎవరైనా అనుకుంటున్నారా? సెక్యూరిటీ వాళ్ల జీతాలు, జనరేటర్ డీజిల్, మురుగునీరు శుద్ధి చేసే ఎస్టీపీ నడిపే ఖర్చు, వేసవిలో ట్యాంకర్ల బిల్లు ఏ ఏడాది తగ్గాయి?

ఆ బ్రోషర్‌లో మెరిసే స్విమ్మింగ్ పూల్, జిమ్ము, మినీ థియేటర్ బిల్డరుకు అమ్ముకునే సరుకు, మీకు జీవితాంతం ఖర్చు. మీ పిల్లలు ఈత కొట్టినా కొట్టకపోయినా ఆ నీళ్లు శుభ్రం చేసే మందుకు మీరు కడుతూనే ఉంటారు. అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు కొని తాళం వేసుకున్నవాళ్లకూ ఇదే బిల్లు.

కార్పస్ ఫండ్ పేరుతో జరిగేది ఇంకా అన్యాయం. లిఫ్టులు మార్చడానికి, బిల్డింగుకు రంగులు వేయడానికి దాచాల్సిన డబ్బు అది. హ్యాండోవర్ దాకా బిల్డరు చేతిలో ఉంటుంది. దాని వడ్డీ లెక్క అడిగినవాళ్లకు సమాధానం దొరకదు. మూడో ఏడు గోడల్లో చెమ్మ దిగితే ఆ ఫండ్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించుకునే అసోసియేషన్లు ఉన్నాయి. అలా చేయాల్సిన పనే లేదు! స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపమేదైనా బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగు చేయాలని రెరా చట్టం 14వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఈ మాట ఏ సేల్స్ కుర్రాడైనా మీకు చెప్పాడా?

కోకాపేటలో 2023లో ఎకరం 100 కోట్లకు పోయింది. అంత పోసి కొన్న నేల మీద టవర్లు ఆకాశంలోకే లేస్తాయి. ఆ ఎత్తుకు నీళ్లు ఎక్కించే మోటార్ల కరెంటు, ఫైర్ పంపులు, లిఫ్టుల నిర్వహణ ఎవరి నెత్తిన? మీ లోను తీరే ఇరవయ్యో ఏటికి సరిగ్గా లిఫ్టులు మార్చే వయసుకు వస్తాయి. అప్పటికి మీరు రిటైరై ఉంటారు.

అద్దె కడితే ఏం మిగులుతుంది, అదే డబ్బు ఈఎంఐ కట్టుకోవచ్చుగా అంటారు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. 80 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు 69 వేల పైమాట. తొలి ఏడాది మొత్తం 8 లక్షల 33 వేలు కడితే అందులో అసలు కింద తగ్గేది లక్షా 60 వేల లోపే. మిగిలిన ఆరున్నర లక్షల పైచిలుకు వడ్డీ. అదీ అద్దెలాగా తిరిగి రాని డబ్బే. దాని మీద మెయింటెనెన్స్, ఆస్తిపన్ను, రిపేర్లు. పైగా వడ్డీ నిలకడగా ఉండదు. 2022 ఏప్రిల్‌లో 4 శాతమున్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఎంతోమందికి ఈఎంఐ అలాగే ఉండి, లోను గడువు మాత్రం చెప్పాపెట్టకుండా ఏళ్ల తరబడి సాగింది. పన్ను మినహాయింపు వస్తుందంటారు. సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు కొత్త పన్ను విధానంలో లేనే లేదు.

ఇల్లు కొనొద్దని నేను అనడం లేదు. సొంతిల్లు కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? నలభై ఏళ్లు చాకిరీ చేసి కొనుక్కునే ఆ ఒక్క వస్తువు గురించే కొనేవాడికి పూర్తి నిజం చెప్పకపోవడం తప్పు. 2024 అక్టోబరు నుంచి బ్యాంకు మీకు రుణమిస్తే వడ్డీ, ఫీజులు, ఏటా పడే మొత్తం భారం ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు అలా ఆదేశించింది. లోను ఇచ్చేవాడికి ఉన్న బాధ్యత ఇల్లు అమ్మేవాడికి ఎందుకు లేదు? అసోసియేషన్ ఏర్పడేదాకా "సహేతుకమైన" చార్జీలతో సేవలు అందించాలని రెరా చట్టం బిల్డరుకు చెబుతోంది. ఏది సహేతుకమో ముందుగా రాతలో ఎవరు చెబుతున్నారు? ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌తో పాటే పదేళ్ల మెయింటెనెన్స్ అంచనా, నీటి వనరు ఏమిటో, కార్పస్ ఎంతో, ఎవరి ఖాతాలో ఉంటుందో దాఖలు చేయించాలి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో రెరా సంస్థలు ఈ పని చేయాలి.

అవి చేసేదాకా ఆగకండి. అదే బిల్డరు ఐదేళ్ల కింద కట్టిన అపార్టుమెంటుకు వెళ్లి, అక్కడ ఉంటున్నవాళ్లను కిందటి నెల బిల్లు చూపించమనండి. మంజీరా, కృష్ణా నీటి కనెక్షన్ ఉందా, ట్యాంకరేనా అడగండి. నెల ఖర్చు అంచనా లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇమ్మనండి. ఇవ్వనంటే బుకింగ్ చెక్కు జేబులో పెట్టుకుని లేచి రండి.