డబ్బు పెట్టిందెవరు?

వైద్య పరిశోధన పత్రం చివర చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలుంటాయి. ఈ పనికి నిధులు ఎవరిచ్చారో చెప్పే వాక్యాలవి. సభలో వందన సమర్పణ మొదలవగానే జనం లేచి వెళ్లిపోయినట్టు, చాలామంది అక్కడిదాకా రాకుండానే పత్రం మూసేస్తారు. ఆ వాక్యాలు మర్యాద కోసం రాసేవి కావు. రక్తపరీక్షల పట్టిక ఎంత సాక్ష్యమో అవీ అంతే సాక్ష్యం.

1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తిండికీ గుండెజబ్బుకీ ఉన్న సంబంధం మీద రెండు భాగాల సమీక్ష వచ్చింది. రాసిన ముగ్గురూ హార్వర్డ్ వాళ్లు: మెక్‌గాండీ, హెగ్‌స్టెడ్, స్టేర్. కొవ్వు మీద, కొలెస్ట్రాల్ మీద నేరం మోపి, చక్కెరను అనుమానించిన అధ్యయనాలను వాళ్లు తేలిక చేశారు. ఆ సమీక్ష రాసినందుకు చక్కెర పరిశ్రమ నడిపే షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ 6,500 డాలర్లు ఇచ్చింది. చదవాల్సిన వ్యాసాలు కూడా అదే అందించింది. అచ్చుకు వెళ్లకముందే చిత్తుప్రతులు తెప్పించుకుని చూసింది. దంతవైద్యం చదివిన క్రిస్టిన్ కెర్న్స్ విశ్వవిద్యాలయాల్లో భద్రపరిచిన పాత ఉత్తరాలు వెతికి, ఇద్దరు సహచరులతో కలిసి 2016లో ఈ సంగతి బయటపెట్టారు. అంటే దాదాపు యాభై ఏళ్లు ఎవరికీ తెలియదు.

నిధులిచ్చినవారి పేరు చెప్పాలన్న నిబంధనే అప్పట్లో లేదు కదా అంటారు. నిజమే, ఆ జర్నల్ 1984లో గానీ నియమం పెట్టలేదు. అయినా నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. తమ ప్రయోగాలకు వేరేచోట్ల నుంచి అందిన నిధుల గురించి ఆ రచయితలు అదే సమీక్షలో చెప్పారు. చక్కెర సొమ్ము ఊసు మాత్రం ఎత్తలేదు.

పేరు చెప్పినా సరిపోని సందర్భాలూ ఉన్నాయి. 2006లో అదే జర్నల్‌లో క్లాడియా హెన్ష్‌కీ బృందం 31 వేలకు పైగా మందికి సీటీ స్కాన్లు తీసి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టుకుంటే ఆ మరణాల్లో 80 శాతం దాకా ఆపొచ్చని ప్రకటించింది. నిధులిచ్చినవారి జాబితాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పేరుతోనే ఒక ఫౌండేషన్ ఉంది. దాని సొమ్ము దాదాపు అంతా, 36 లక్షల డాలర్లు, లిగెట్ సిగరెట్ల మాతృసంస్థ నుంచి వచ్చిందని 2008లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. సిగరెట్ కంపెనీ డబ్బు కాబట్టి ఆ శాస్త్రమే తప్పని నేను అనను. స్కానింగ్ వల్ల మేలు ఉందని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పెద్ద ట్రయల్ కూడా తేల్చింది. కాకపోతే అందులో ఆ క్యాన్సర్ మరణాలు తగ్గింది 20 శాతం. పాఠకుడికి ముందే అసలు దాత పేరు తెలిసి ఉంటే 80 అన్న అంకెను కాస్త ఆచితూచి చదివేవాడు. ఆ హక్కు అతనికి లేకుండా చేశారు.

అందుకే ఫలానా ఫౌండేషన్‌కు ధన్యవాదాలు అంటే చాలదు. ఆ ఫౌండేషన్‌కు డబ్బు ఎక్కడిదో, ట్రయల్ రూపకల్పనలో, లెక్కల్లో, రాతలో దాత చెయ్యి ఎంతవరకు ఉందో కూడా చెప్పాలి. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ గ్రాంటుతో జరిగిన పనైతే ఆ మాట తప్పకుండా రాయాలి, అది మన పన్నుల డబ్బు.

మన దేశంలో 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్‌ను రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. డబ్బు ఎవరిది, స్పాన్సర్ ఎవరు అన్న గడులు అందులో ఉన్నాయి. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూడొచ్చు.

తెలుగు పత్రికల్లో ఆరోగ్య పేజీలు చూసే మిత్రులకు నాదొక విన్నపం. 'అధ్యయనంలో తేలింది' అని రాసిన ప్రతిచోటా, దానికి డబ్బు పెట్టిందెవరో ఒక్క వాక్యం చేర్చండి. పత్రంలో ఆ వివరం లేకపోతే, లేదనే రాయండి.